దేశవాళీ వరి ఎప్పుడు ఈనుతుందో ముందే తేల్చుకోవడం ఎలా: గోదావరి డెల్టా రైతుకు ఒక పద్ధతి

కొన్నేళ్ల క్రితం పొడవు పంటకాలం గల ఒక దేశవాళీ రకం విత్తనం నాకు ఐదు కిలోలు దొరికింది. ఇచ్చినాయన "నూట యాభై రోజుల పంటండి" అన్నారు. ఆ మాట పట్టుకొని జూన్ 8న ఆకుమడి పోశాను. నవంబరు మొదటి వారానికల్లా కోత అయిపోతుందనీ, వెనకే మినుము చల్లుకోవచ్చుననీ లెక్క వేసుకొన్నాను. అక్టోబరు నెలాఖరు వచ్చేసరికి పక్కచేలో స్వర్ణ రకం వరి పండుబారడం మొదలుపెట్టింది గాని, నా చేను మాత్రం ఛాతీ ఎత్తు పెరిగి పచ్చగా నిలబడి ఉందే తప్ప ఒక్క కంకి బయటకు రాలేదు. చివరకు నవంబరు 8 ప్రాంతంలో ఈని, డిసెంబరు 8న కోతకు వచ్చింది. లెక్క కడితే 183 రోజులు. విత్తనం ఇచ్చినాయన్ను అడుగుదామని వెళితే ఆయన తన పుస్తకం తీసి చూపించారు. ఆయన ఆకుమడి పోసింది జూలై 12న, కోసింది డిసెంబరు 9న, అంటే సరిగ్గా 150 రోజులు. మా ఇద్దరి ఆకుమళ్లకు ముప్పై నాలుగు రోజుల తేడా ఉండగా కోతలకు ఉన్న తేడా ఒక్క రోజు. ఎన్ని రోజుల పంట అని అడిగానే గాని, ఏ తేదీకి ఈనుతుందని నేను అడగలేదు.

దేశవాళీ రకాల మీద ఆసక్తితో ఇతర ప్రాంతాల విత్తనాలు తెచ్చుకొంటున్న రైతులు డెల్టాలో పెరుగుతున్నారు. నవారా, మాపిళ్లై సాంబ, కాలాబట్టి, బహురూపి, కాలానమక్ వంటి పేర్లు ఇప్పుడు ఉండి, ఆచంట, మండపేట వైపు కూడా వినబడుతున్నాయి. వాటిలో ఏ రకం మన నేలలో, మన కాలువ నీటి కాలంలో ఎప్పుడు ఈనుతుందో ఒక పంటకాలంలో, సెంటున్నర స్థలంలో ఎవరికి వారు తేల్చుకొనే పద్ధతిని ఇక్కడ వివరిస్తాను.

రోజుల లెక్క, తేదీ లెక్క

వరి జీవితంలో చివరి 65 రోజులు దాదాపు స్థిరమైనవి. కాండం లోపల వెన్ను అంకురం ఏర్పడిన నాటి నుంచి ఈనిక వరకు సుమారు 35 రోజులు, ఈనిక నుంచి గింజ పండే వరకు సుమారు 30 రోజులు పడుతుంది. పొట్టి పంటైనా పొడవు పంటైనా ఈ భాగంలో పెద్ద మార్పు ఉండదు. రకానికీ రకానికీ తేడా వచ్చేదంతా అంతకు ముందు, అంటే మొక్క పిలకలు వేస్తూ, ఆకులు పెంచుకొంటూ ఉండే దశలోనే.

ఆ దశ ఎంతకాలం సాగాలన్నది కొన్ని రకాలు తమ వయసును బట్టి నిర్ణయించుకొంటాయి. కాటన్‌దొర సన్నాలు అని మనం పిలిచే ఎంటీయూ 1010 ఇటువంటిది. ఎప్పుడు పోసినా 120 రోజులకు అటూ ఇటూగా చేతికి వస్తుంది, దాళ్వా (రబీ పంట) చలిలో కొద్దిగా ఆలస్యమైతే అవుతుంది. వీటిని రోజు లెక్క రకాలు అందాం. మరికొన్ని రకాలు వయసును కాక పగటి పొడవును చూస్తాయి. వరి స్వభావతః పగలు కురచబడే కాలంలో పూసే మొక్క. ఈ రెండో జాతి రకాలు పగటి సమయం తమకు సరిపడినంత తగ్గే దాకా పెరుగుతూనే ఉంటాయి గాని అంకురం వేయవు. వీటిని తేదీ లెక్క రకాలు అందాం. మన పాత సార్వా (ఖరీఫ్) రకాల్లో, బెంగాల్ అమన్ రకాల్లో, కేరళ ముండకన్ రకాల్లో, తమిళనాడు సాంబా కాలపు రకాల్లో ఇటువంటివి చాలా ఉన్నాయి. ఈ రెండు కొసలకూ నడుమ కొద్దిగా పగటిని, కొద్దిగా వయసును చూసే రకాలూ ఉంటాయి, అసలు చిక్కు తెచ్చిపెట్టేవి అవే.

మొక్క నిజానికి కొలిచేది పగటిని కాదు, ఎడతెగని చీకటిని. ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణద్రవ్యం వెలుగును పసిగడుతుంది. రాత్రి తగినంత పొడవైనప్పుడు ఆకుల్లో తయారైన ఒక ప్రోటీను కాండం కొసకు ప్రయాణించి అక్కడ ఆకుకు బదులు వెన్ను పుట్టించమని సంకేతం ఇస్తుంది. ఆ ప్రోటీను హెచ్‌డీ3ఏ అని, అది నిజంగానే ఆకు నుంచి కొసకు చేరుతుందని 2007లో జపాను శాస్త్రవేత్తలు చూపించారు. దాన్ని అదుపు చేసే హెచ్‌డీ1 అనే జన్యువును 2000లో గుర్తించారు. కురచ పగటి కాలంలో ఈ జన్యువు ఈనికను తొందరపెడుతుంది, పొడవు పగటి కాలంలో అదే జన్యువు ఈనికను ఆపుతుంది. ఇది, దీనితో కలిసి పనిచేసే జీహెచ్‌డీ7 వంటి మరికొన్ని జన్యువులు, ఒక్కొక్క ప్రాంతపు రకాల్లో ఒక్కొక్క రూపంలో ఉండడం వల్లనే వరి భూమధ్యరేఖ దగ్గర నుంచి జపాను ఉత్తర కొస దాకా విస్తరించగలిగింది. చేను గట్టున నిలబడిన వారికి ఈ పేర్లు అక్కరకు రావు, చీకటిని కొలుస్తుందన్న ఒక్క సంగతి మాత్రం తప్పకుండా గుర్తుండాలి, ఎందుకో తరువాత చెబుతాను.

మన పగటి పొడవు, మన కార్తెలు

గోదావరి డెల్టా పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం చుట్టుపక్కల ఉంది. భీమవరంలో జూన్ 21న పగలు సుమారు 13 గంటల 6 నిమిషాలు. ఆగస్టు 1 నాటికి 12 గంటల 51 నిమిషాలు, సెప్టెంబరు 1 నాటికి 12 గంటల 26 నిమిషాలు, సెప్టెంబరు 23కు 12 గంటల 7 నిమిషాలు, అక్టోబరు 15కు 11 గంటల 46 నిమిషాలు అవుతుంది. డిసెంబరు 21న 11 గంటల 8 నిమిషాలతో అడుగు తాకుతుంది. ఏడాది మొత్తం మీద తేడా రెండు గంటలే. అయినా సెప్టెంబరులో పగలు రోజుకు దాదాపు ఒక నిమిషం చొప్పున తగ్గుతూ పోతుంది. తేదీ లెక్క రకాలకు అంత సూక్ష్మమైన తేడా కూడా చాలు.

ఇక్కడ మన పెద్దల లెక్క ఒకటి గమనించదగినది. "ఈ వడ్లు స్వాతిలో ఈనుతాయి, అవి చిత్తలో ఈనుతాయి" అని కార్తెల పేరుతో చెప్పడం వారి అలవాటు. కార్తె సూర్యుడి గమనాన్ని బట్టి ఏర్పడినది కనుక ఏటా దాదాపు అదే తేదీకి వస్తుంది, అంటే ఏ కార్తెలో పగటి పొడవు ఎంతో అది ఏటా అంతే. ఉత్తర కార్తె సెప్టెంబరు 13 ప్రాంతంలో, హస్త 27 ప్రాంతంలో, చిత్త అక్టోబరు 10 ప్రాంతంలో, స్వాతి 24 ప్రాంతంలో, విశాఖ నవంబరు 6 ప్రాంతంలో ప్రవేశిస్తాయి. నక్షత్రాల లెక్క కావడం వల్ల డెబ్బై ఏళ్లకు ఒక రోజు జరుగుతుందన్న మాట నిజమే గాని, వరికి అది లెక్కలోనిది కాదు. పండుగలు, తిథులు అలా కావు. దీపావళి 2022లో అక్టోబరు 24న వచ్చింది, అధిక శ్రావణం పడిన 2023లో నవంబరు 12న వచ్చింది. "దీపావళికి ఈనే రకం" అని ఎవరైనా చెబితే అందులో పంతొమ్మిది రోజుల అనిశ్చితి దాగి ఉందన్న మాట. కనుక విత్తనం తీసుకొనేటప్పుడు ఇచ్చేవారిని తేదీ గాని కార్తె గాని అడగాలి తప్ప, రోజులూ పండుగలూ అడిగి ఊరుకోకూడదు.

ఎక్కడి విత్తనం ఇక్కడ ఎలా నడుచుకొంటుంది

ఒక ప్రాంతపు రైతులు తరతరాలుగా ఏరి దాచుకొన్న రకం ఆ ప్రాంతపు నీటికి సరిపోయే తేదీని తనలో నింపుకొని ఉంటుంది. బెంగాల్ డెల్టాలో అమన్ వరి వరద నీరు తీసే వేళకు ఈని, నవంబరు డిసెంబరుల్లో కోతకు వస్తుంది. ఎప్పుడు ఊడ్చినా అన్ని చేలూ ఒక్కసారి ఈనడం వల్ల పిట్టల నష్టం, పురుగు నష్టం ఊరంతటికీ పంచబడుతుంది. వేసవి జల్లులకు చల్లి వరద ముదరక ముందే కోసుకొనే ఔస్ రకాలకు పగటి పొడవుతో పనిలేదు, వాటికి తొందరే ముఖ్యం. మన ఏజెన్సీలో కొండవాలు మీద చల్లే వడ్లకూ అదే సూత్రం వర్తిస్తుంది. వాన వెనకబడితే అక్కడ మడిలో నీరు నిలవదు, త్వరగా పండకపోతే అసలే పండదు. డెల్టా సంగతి వేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీరు నిలకడగా రావడంతో పొడవు పంటలకు అవకాశం పెరిగింది. అక్కుళ్లు, అట్రగడలు, కృష్ణకాటుకలు, బాసంగులు అని పెద్దలు చెప్పే పేర్లు ఆ కాలం నాటివి. 1925లో మారుటేరులో వరి పరిశోధనా స్థానం ఏర్పడ్డాక మొదటి పనిగా జరిగింది ఇటువంటి స్థానిక రకాల్లోంచి మేలైన వెన్నులను ఏరి శుద్ధ వరసలుగా తీయడమే.

ఇప్పుడు ఉత్తరాది రకాన్ని దక్షిణానికి తెస్తే ఏమవుతుందో చూద్దాం. వేసవిలో ఉత్తరాన పగలు మనకంటే పొడవు. ఆగస్టు 15న భీమవరంలో ఉండే పగటి పొడవు కోల్‌కతాలో ఆగస్టు 26 ప్రాంతానికి గాని రాదు. కాబట్టి అక్కడ ఆగస్టు చివరలో అంకురం వేసే రకం ఇక్కడ పది రోజులు ముందుగా అంకురం వేసే అవకాశం ఉంది. అయితే సెప్టెంబరు 22, 23 తేదీల్లో పగలు అన్ని చోట్లా దాదాపు సమానం. అంకురం ఆ తేదీలకు దగ్గరగా వేసే రకం, అంటే అక్టోబరు చివరి వారంలో ఈనే రకం, ఎక్కడ వేసినా తన తేదీని పెద్దగా మార్చుకోదు. అక్కడి నుంచి లెక్క తిరగబడుతుంది. అక్టోబరులో మన దగ్గర పగలు తంజావూరులో కంటే కురచ, అందుచేత ఆలస్యంగా అంకురం వేసే తమిళ సాంబా రకం ఇక్కడ తన ఊరి తేదీ కంటే కొంచెం ముందే ఈనవచ్చు. నవారా వంటి పొట్టి పంటకు ఈ లెక్కలేవీ వర్తించవు. ఇదంతా అంచనా మాత్రమే. మొక్క ఒక్క నిమిషాల లెక్కనే చూడదు, వేడిమికీ తన వయసుకూ కూడా లోబడి ఉంటుంది. అందుకే పరీక్ష మడి వేయక తప్పదు.

పరీక్ష మడి వేసే విధానం

ఒక్కొక్క రకాన్ని నాలుగు తేదీల్లో పోయాలి. నేను పాటించేవి జూన్ 10, జూలై 1, జూలై 20, ఆగస్టు 10. తేదీలు మారినా ఫరవాలేదు గాని మొదటిదానికీ మూడోదానికీ నడుమ కనీసం నలభై రోజులు ఉండాలి. ప్రతిసారీ వంద గింజలు చాలు. నారు 25 రోజుల వయసు రాగానే రెండు చదరపు మీటర్ల మడిలో వరసకు వరసకు 20 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 15 సెంటీమీటర్లు ఉండేలా, దుబ్బుకు ఒక్క మొక్కే ఊడ్చాలి. అరవై పైచిలుకు దుబ్బులు వస్తాయి. ఒక రకానికి నాలుగు మళ్లు, అయిదు రకాలకు ఇరవై మళ్లు కలిపి నలభై చదరపు మీటర్లు, అంటే ఒక సెంటు అవుతుంది. గట్లకూ బోదెలకూ కలిపి సెంటున్నర పెట్టుకొంటే సరిపోతుంది. ప్రతి తేదీలోనూ ఎంటీయూ 1010 ఒక మడి పక్కన ఉంచుకోవడం మంచిది. అది రోజు లెక్క రకమని ముందే తెలుసు కనుక దానితో పోల్చి మిగతా వాటిని చదవవచ్చు.

నారు వయసును అన్ని మళ్లలోనూ ఒకటిగా ఉంచడంలో అలసత్వం పనికిరాదు. నారు ముదిరితే పొట్టి రకాల ఈనిక తారుమారవుతుంది, ఆ తేడాను మనం పగటి పొడవు ప్రభావం అనుకొని మోసపోతాం. ఎరువు కూడా అంతే. ఒక మడిలో యూరియా ఎక్కువ పడితే అక్కడ ఈనిక కొన్ని రోజులు వెనకబడుతుంది, కాబట్టి పశువుల ఎరువో మరొకటో ఏది వేసినా అన్నింటికీ సమానంగా వేయాలి.

ఆగస్టు మొదలవగానే రెండు రోజులకొకసారి మడి దగ్గరకు వెళ్లాలి. గట్టు పక్క వరసలను వదిలి, నడుమ ఉన్న ఇరవై దుబ్బులకు రంగు దారం కట్టుకోండి. దుబ్బులో ఒక్క పిలక నుంచైనా కంకి కొస పోటాకు తొడిమను చీల్చుకొని బయటకు కనబడితే ఆ దుబ్బు ఈనినట్టే లెక్క. ఇరవైలో మొదటి దుబ్బు ఈనిన తేదీ, పదో దుబ్బు ఈనిన తేదీ, పద్దెనిమిదో దుబ్బు ఈనిన తేదీ రాసుకోవాలి. పదో దుబ్బు తేదీనే సగం ఈనిక అంటాం. ఇకపై అన్ని లెక్కలకూ అదే ఆధారం. మొదటి దానికీ పద్దెనిమిదో దానికీ మధ్య వారం లోపు ఉంటే విత్తనం ఏకరీతిగా ఉందని అర్థం. మూడు వారాలు పట్టిందంటే అందులో రెండు మూడు రకాలు కలిసి ఉన్నాయన్నమాట.

ఈనిక దాకా ఆగలేని వారు అంకురాన్ని కూడా చూడవచ్చు. కట్టిన దుబ్బులు కాక వేరే దుబ్బు నుంచి అన్నింటికంటే ముదురు పిలకను వేళ్లతో సహా పీకి, బురద కడిగి, పై ఆకులు తుంచి, కాండం మొదలును బొటనవేలి మీద ఆనించి కొత్త బ్లేడుతో నిలువునా రెండుగా చీల్చాలి. కింద దగ్గర దగ్గరగా కణుపులు, వాటి పైన ఒకదానిలో ఒకటి చుట్టుకొన్న లేత ఆకుల తొడుగులు, ఆ తొడుగుల నట్టనడుమ చూపు నిలపండి. ఇంకా అంకురం వేయని పిలకలో అక్కడ నున్నటి చిన్న మొన ఉంటుంది. వేసిన పిలకలో అదే చోట మిల్లీమీటరు పొడవున, తెల్లగా, పైన నూగు పట్టినట్టుగా ఒక చుక్క కనబడుతుంది. ఎండలో పట్టుకొంటే ఆ నూగు మెరుస్తుంది. అంకురం పుట్టిన వారం పది రోజులకు గాని ఇలా కంటికి ఆనదు కనుక, అది కనిపించిన రోజు నుంచి ఈనికకు సుమారు 25 రోజులు మిగిలి ఉన్నాయని లెక్కించుకోవచ్చు. మొదటిసారి నాలుగైదు పిలకలు పాడు చేస్తే గాని చెయ్యి కుదరదు.

పుస్తకంలోని అంకెలను చదవడం

ఉదాహరణకు మూడు రకాలు తీసుకొందాం. మొదటిది జూన్ 10న పోస్తే సెప్టెంబరు 3న, జూలై 20న పోస్తే అక్టోబరు 13న సగం ఈనింది. పోసిన తేదీలకు తేడా 40 రోజులు, ఈనిక తేదీలకూ 40 రోజులే. రెండుసార్లూ 85 రోజులకే ఈనింది, ఇది శుద్ధమైన రోజు లెక్క రకం. రెండోది అవే తేదీల్లో పోస్తే అక్టోబరు 22న ఒకటి, 26న ఒకటి ఈనాయి. నలభై రోజుల తేడా నాలుగు రోజులకు కుంచించుకుపోయింది. ఈనిక తేడాను పోసిన తేడాతో భాగిస్తే పదో వంతు వస్తుంది. ఇది గట్టి తేదీ లెక్క రకం. మూడోదానికి సెప్టెంబరు 28, అక్టోబరు 22 వచ్చాయనుకోండి, తేడా 24 రోజులు, భాగిస్తే 0.6. ఇది నడిమి రకం. నా అనుభవంలో 0.2 లోపు వచ్చిన వాటిని తేదీ రకాలుగా, 0.8 పైన వచ్చిన వాటిని రోజు రకాలుగా ధైర్యంగా నిర్ణయించుకోవచ్చు. నడుమ వాటికి మాత్రం ఏ తేదీన పోయదలచుకొన్నారో ఆ తేదీకి దగ్గరగా ఉన్న పరీక్ష మడిని చూసి నడుచుకోవాలి తప్ప సూత్రం కట్టకూడదు.

రకాల నమోదుకు వాడే అధికారిక వర్గీకరణలో సగం ఈనికకు పట్టే రోజులను బట్టి 71 లోపు అతి స్వల్పకాలికం, 131 దాటితే అతి దీర్ఘకాలికం అన్న తరగతులు ఉన్నాయి. రోజు రకాలకు అది బాగానే ఉంటుంది. పైన చెప్పిన రెండో రకాన్ని జూన్ 10 మడిలో చూస్తే 134 రోజులతో అతి దీర్ఘకాలికం, జూలై 20 మడిలో చూస్తే 98 రోజులతో మధ్యకాలికం అవుతుంది. విత్తనం సంచి మీద అచ్చైన రోజుల సంఖ్యను చూసి ఎవరూ తొందరపడకూడదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

చేలో పెట్టే తేదీని నిర్ణయించడం

తేదీ రకానికి లెక్క ఈనిక నుంచి వెనక్కి నడుస్తుంది. అక్టోబరు 25న ఈనే రకం సెప్టెంబరు 20 ప్రాంతంలో అంకురం వేస్తుంది. అప్పటికి మొక్కకు పిలకలు వేయడానికి కనీసం అరవై, డెబ్బై రోజుల వయసు ఉండాలంటే జూలై రెండో వారంలో ఆకుమడి పోస్తే చాలు. జూన్ మొదట్లో పోస్తే ధాన్యం పెరగదు, గడ్డి పెరుగుతుంది, ఎత్తు పెరుగుతుంది, చేను పడిపోతుంది. నా 183 రోజుల పంట నేర్పిన పాఠం అదే. ఆలస్యమై ఆగస్టు చివర ఊడ్చవలసి వస్తే ఈనిక తేదీ పెద్దగా మారదు గాని మొక్క పొట్టిగా, పిలకలు తక్కువగా ఉంటుంది. అప్పుడు వరసలు దగ్గర చేసి, దుబ్బుకు మూడు నాలుగు మొక్కలు పెట్టి ఆ లోటు పూడ్చుకోవాలి. పైపాటుగా వేసే చిరుపొట్ట (వెన్ను అంకురించే దశ) ఎరువును కూడా ఊడ్చిన రోజుల లెక్కన కాక, అంకురం వేసే తేదీని చూసి వేయాలి.

శివారు భూములకు ఈ రకాలే నేస్తాలు. కాలువ నీరు చివరి బోదెకు చేరేసరికి జూలై నెలాఖరు అయిన ఏడు, ఆకుమడిలో నారు యాభై రోజులు ముదిరినా తేదీ రకం కినుక వహించదు, ఊడ్చాక పిలకలు వేసుకొని తన తేదీకి తాను ఈనుతుంది. ఆగస్టు వరదకు చేను మునిగి కుళ్లిపోయినప్పుడు మళ్లీ ఊడ్చుకోవడానికి మెరక మీద కాస్త నారు మిగుల్చుకొనే పాత అలవాటుకు బలం ఇదే. నవారా వంటి పొట్టి రకంతో ఈ పని చేస్తే, ముదురు నారు ఊడ్చిన కొద్ది రోజులకే రెండు పిలకలతో ఈని చేతులెత్తేస్తుంది. దాని నారు ఇరవై రోజులు దాటనీయకూడదు.

కోత తేదీ ఎటు పడుతుందో కూడా చూసుకోవాలి. అక్టోబరు 25న ఈనే రకం నవంబరు 25కు కోతకు వస్తుంది. వెనక మినుము చల్లే చేనుకు అది సరిపోతుంది, కోతకు రెండు మూడు రోజుల ముందు తడి ఉండగా చల్లుకోవచ్చు. అదే చేలో దాళ్వా వరి వేయాలనుకొనేవారికి అది ఆలస్యం, అక్టోబరు మొదటి పక్షంలో ఈనే రకాన్ని ఎంచుకోవాలి. ఇక తుపానుల సంగతి. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను ఎలా ఊడ్చిపెట్టిందో చూసినవారికి అక్టోబరు, నవంబరు నెలల్లో ఏ తేదీ కూడా భద్రం అనిపించదు. ఒకే తేదీ రకాన్ని ఊరంతా వేస్తే పిట్టల బెడద పంచుకోబడుతుందన్న మాట ఎంత నిజమో, ఒక్క వాయుగుండానికి అంతా పూత మీద దొరికిపోతుందన్న మాటా అంతే నిజం. పది ఎకరాలుంటే నేను మూడు వారాల తేడాతో ఈనే రెండు రకాలుగా విడగొడతాను.

దాళ్వాలో తేదీ రకాలు వేయకండి. డిసెంబరులో పోస్తే పగలు అప్పటికే కురచగా ఉండడం వల్ల బాల్యదశ (పగలు ఎంత కురచైనా మొక్క ఈనలేని లేత వయసు) దాటీ దాటగానే, పిలకలు లేకుండానే ఈనుతాయి. జనవరి చివర పోసిన వాటికి బాల్యదశ గడిచేసరికి పగలు పన్నెండు గంటలు దాటిపోయి, అవి అసలు ఈనకుండా పచ్చిగడ్డిగా నిలబడతాయి.

వెలుగు పడే చోట

మొక్క కొలిచేది చీకటిని అని మొదట్లో చెప్పాను. రాత్రి నడుమ కొద్ది నిమిషాల వెలుగు పడినా దానికి రెండు కురచ రాత్రులు వచ్చినట్టే లెక్క, పొడవు రాత్రి వచ్చినట్టు కాదు. రొయ్యల చెరువు గట్టు మీద తెల్లవార్లూ వెలిగే దీపం పక్కన ఉన్న నా మడిలో ఒక ఏడు ఈ వింత చూశాను. అక్టోబరు చివర చేనంతా ఈని ఒరిగి ఉండగా, దీపం స్తంభం వైపున అర్ధచంద్రాకారంలో దుబ్బులు నిటారుగా, ముదురాకుపచ్చగా, ఒక్క కంకి లేకుండా నిలబడ్డాయి. ఆ అర్ధచంద్రం అంచున పొట్ట దశ, ఇంకా లోపలికి వెళితే ఉత్త ఆకు. మొదట తెగులనుకొని మందు కూడా కొట్టాం. పరీక్ష మడికీ, విత్తనపు మడికీ వీధి దీపాలూ చెరువు దీపాలూ పడని చోటు ఎంచుకోవాలి. తప్పనప్పుడు ఆ వైపున ఎంటీయూ 1010 వంటి రోజు రకం వేసుకొంటే దానికి పట్టింపు ఉండదు.

విత్తనం దాచేటప్పుడు

వరి పువ్వు ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం లోపు గంటసేపు తెరుచుకొంటుంది, చాలా మటుకు తన పుప్పొడితోనే ఫలిస్తుంది, పరాగ సంపర్కం నూటికి ఒకటి కూడా ఉండదు. అయినా ఏళ్ల తరబడి అనేక రకాలు పక్కపక్కన వేసేవారికి అది క్రమంగా చేరుతుంది. విత్తనపు వరికి మూడు మీటర్ల ఎడం పెట్టాలన్నది ధ్రువీకరణ నియమం. స్థలం చాలనివారు ఈనిక తేదీల పుస్తకాన్నే గట్టుగా వాడుకోవచ్చు. సెప్టెంబరు మొదట్లో ఈనే రకం పక్కన అక్టోబరు చివర ఈనే రకం వేస్తే రెండింటి పువ్వులూ ఒకదాన్నొకటి చూసే ప్రసక్తే లేదు.

కేళీలను, అంటే బెరుకు మొక్కలను, ఏరడానికి ఈనిక వారమే సరైన సమయం. చేనంతా ఈనక ముందే కంకి వేసినవీ, మిగతావన్నీ ఈనాక ఇంకా పొట్ట మీదే ఉన్నవీ దూరానికే కనబడతాయి. పదిహేను రోజులకు మించి అటూ ఇటూ ఉన్న వాటిని తీసేయాలి. నాలుగైదు రోజుల తేడా ఉన్నవాటిని మాత్రం ఉంచేయండి. దేశవాళీ రకం అన్నది అచ్చుపోసిన ఒక్క వరస కాదు, ఆ కొద్దిపాటి చెదురే దానికి వాన గండాల్లో అండ. మరీ ఒక్క రోజున ఈనే దుబ్బులనే ఏరుకొంటూ పోతే రెండు మూడేళ్లలో ఆ గుణం చేజారిపోతుంది. బాగా ముందుగా ఈనిన మొక్క ఏదైనా గింజ బాగున్నట్టు కనిపిస్తే పారేయక దారం కట్టి విడిగా కోసుకోండి. మరుసటి ఏడు అది వేరే రకంగా నిలబడవచ్చు.

విత్తనం బాగా ఎండబెట్టి గోనెలో పోసేటప్పుడు ఒక అట్టముక్క లోపల, ఒకటి బయట పెట్టడం నా అలవాటు. దాని మీద రకం పేరు, ఏ ఊరి నుంచి వచ్చిందీ, మెరకదో పల్లపుదో, ఆకుమడి పోసిన తేదీ, సగం ఈనిన తేదీ, దాని కార్తె రాస్తాను. ఎన్ని రోజుల పంటో మాత్రం రాయను.